పానీ దిస్తా నై

మా తమ్ముడు డల్లాస్ దగ్గర ఇల్లు కొన్నప్పుడు వాట్సాప్‌లో పంపిన మొదటి ఫోటోలో మనుషులెవరూ లేరు. ఉత్త ఫర్ష్. కిటికీలోంచి ఎండ పడి, కాల్చిన గోధుమ రొట్టె రంగులో మెరుస్తున్న చెక్క నేల. కింద ‘నేచురల్ ఓక్, భాయ్’ అని రాశాడు. వాడి గొంతులోని ఫఖర్ ఆ మూడు ముక్కల్లోనే వినపడింది నాకు.

ఓక్ చెట్టు నాకు పుస్తకాల్లోనే పరిచయం. ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో దాని పేరు బలూత్. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నిఘంటువు తిరగేస్తే సింధూర వృక్షం. రెండు భాషల్లో పేరు తెలిసింది గానీ చెట్టును ఏ భాషలోనూ చూడలేదు. తమాషా ఏంటంటే, ఆ చెట్టు మాత్రం మా ఇంట్లో పుట్టిన ప్రతి పసిబిడ్డనీ పలకరించింది. మాచికాయ తెలుసు కదా మీకు, పసిపిల్లలకు అరగదీసి నాలుకకు రాసేది? అమ్మీ మాజూ ఫల్ అంటుంది. అసలది కాయే కాదు. ఒక రకం ఓక్ చెట్టు కొమ్మ మీద చిన్న కందిరీగ గుడ్డు పెడితే, దాని చుట్టూ చెట్టు కట్టుకునే బుడిపె. నోట్లో పెడితే నాలుక ముడుచుకుపోయేంత వగరు. ఆ వగరుకు ఇనుము తోడైతే నల్లటి సిరా. వందల ఏళ్ల పాటు కాతిబ్‌లు అలాంటి సిరాతో రాశారు.

ఈ సిరా సంగతి ఊరికే ఎత్తలేదు. కొన్ని నెలల తర్వాత తమ్ముడు ఇంకో ఫోటో పెట్టాడు. అదే ఓక్ నేల మీద, వాషింగ్ మెషీన్ కాలు ఆనిన చోట గుండ్రంగా నల్లటి మచ్చ. పైపు కారి నీళ్లు నిలిచాయి, మెషీన్ ఇనప కాలు తుప్పు పట్టింది, చెక్కలోని వగరు దాంతో కలిసింది. సిరా మరకే. తుడిస్తే పోయేది కాదు. దాంతో బాత్రూంలోనూ, బట్టలుతికే గదిలోనూ చెక్క తీసేసి టైల్స్ వేయించాల్సొచ్చింది. ఓక్ పక్కన ఏ రంగు టైల్ నప్పుతుందని వాడూ మా మర్దలూ మూడు వారాంతాలు షాపులు తిరిగారట. అప్పుడు నవ్వాను. ఏడాది తిరక్కుండానే అదే సవాలు నా నెత్తిన పడింది.

మా ఇల్లు జువ్వలదిన్నెలో. పేరులోనే దిన్నె ఉంది, చుట్టూ ఇసకే. పట్టపోళ్ల ఇళ్లు దాటి కాస్త ఇవతలికి వస్తే మాది. కొత్త హార్బర్ వచ్చాక ఊరి పేరు పేపర్లో తరచూ కనపడుతోంది గానీ, మా వీధిలో మారిందేమీ లేదు. అదే ఉప్పు గాలి, అదే ఉప్పు బోరు. అబ్బా ఈ ఊళ్లో దర్జీ. ఆయన పోయాక అమ్మీ ఒక్కతే ఉంటోంది. నేను నెల్లూరులో పేపర్ ఉద్యోగం, తమ్ముడు అమెరికా. పక్కింటి అక్క పొద్దున్నా సాయంత్రం ‘బూబమ్మా’ అని గోడ మీంచి కేకేసి చూసి పోతుంది. అదే మాకున్న ఇంతెజామ్.

పోయిన రంజాన్‌లో సహర్‌కు లేచి వజూ కోసం వెళ్లి అమ్మీ గుస్ల్‌ఖానాలో జారి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. పక్కింటి అక్క వచ్చేదాకా గంటసేపు అక్కడే కూర్చుని ఉందట. నాకు ఫోన్ చేయలేదా అంటే, ‘రోజా ఉంటావు, రాత్రి డ్యూటీ చేసి పడుకుని ఉంటావు, కైకూ పరేషాన్ కర్నా’ అంది.

ఇక తమ్ముడు పట్టుబట్టాడు. అమెరికా వచ్చేయాలి, లేదంటే నెల్లూరులో నా దగ్గరుండాలి. అమ్మీ రెండింటికీ నక్కో. అబ్బా ఖబర్ ఇక్కడుంది, ఎక్కడికీ రానంది. నెల రోజులు ఫోన్లలో వాదన నడిచింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఇల్లు బాగు చేయిద్దాం. అమ్మీ ఒంటరిగా ఉండగలిగేలా అయితే ఉంటుంది. మళ్లీ పడితే మాత్రం నోరెత్తకుండా నెల్లూరు వచ్చేస్తుంది. కాబట్టి ఇది టైల్స్ కథలా కనపడుతున్నా, మా ఇంట్లో దాన్ని ఎవరూ టైల్స్ కథ అనుకోలేదు.

డబ్బు తమ్ముడిది. అందుకని ఫర్ష్ కూడా తమ్ముడిదే. హాల్లోనూ రెండు గదుల్లోనూ తన ఇంట్లోలాగే ఓక్ కావాలన్నాడు. అసలు చెక్క ఇక్కడ నిలవదు, చెదలూ ఉప్పుతేమా కలిసి తినేస్తాయి. అది వాడికీ తెలుసు. గుజరాత్ మోర్బీ నుంచి వచ్చే ఓక్ ఫినిష్ విట్రిఫైడ్ పలకలు, 8 అంగుళాల వెడల్పు, 4 అడుగుల పొడవు. చేత్తో తడిమితే చెక్క ఈనెలు కూడా తగులుతాయి. మేస్త్రీ వేసి రసమట్టం పెట్టి చూపించిన రోజు వీడియో కాల్లో తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. ఫోన్‌ను నేల పొడుగునా నెమ్మదిగా నడిపించమన్నాడు, అంతే.

మిగిలింది గుస్ల్‌ఖానా, దాని వెనక బట్టలుతికే వసారా. వాడు నలభై ఫోటోలు పంపాడు. ఓక్ పక్కన తెలుపు, ఓక్ పక్కన బూడిద, ఓక్ పక్కన లేత ఆకుపచ్చ. ఎక్కువ భాగం లేత ఆకుపచ్చే. ఇప్పుడక్కడ అదే నడుస్తోందట.

ఆ ఫోటోలు పట్టుకుని నెల్లూరులో ఒక టైల్స్ షాపుకు పోయాను. బిల్లు కోసం పేరు అడిగిన కుర్రాడు, నా పేరు రాసుకుని, నన్ను నేరుగా ఆకుపచ్చ టైల్స్ ఉన్న మూలకు తీసుకుపోయాడు. ‘మీవోళ్లు ఇయ్యే కద సార్ తీసుకునేది.’

కోపం రాలేదు. విలేకరి బుద్ధి, అడిగాను. ‘ఎవరు తీసుకున్నారు?’

‘పోయిన వారం ఒక భాయ్ తీసుకున్నాడు సార్.’

ఒక్క భాయ్! ఒక్క బాత్రూంతో కౌమ్ మొత్తం లెక్క తేలిపోయింది. నవ్వు దాచుకుని ఫోన్ తీసి తమ్ముడి ఫోటోలు చూపించాను. ‘అమెరికాలో కూడా ఇదే రంగు నడుస్తోంది చూడు’ అన్నాను. ‘అవునా సార్? అయితే ఇది లేటెస్ట్ సార్!’ అన్నాడు. డల్లాస్‌లో ఫ్యాషన్ అయిన రంగు నెల్లూరులో నా పేరు రాయగానే మజహబ్ అయిపోయింది, మళ్లీ నిమిషంలో ఫ్యాషన్ అయింది. అబద్ధం చెప్పడమెందుకు, ఆ ఆకుపచ్చ ఓక్ పక్కన నిజంగానే బాగుంటుంది. కానీ అక్కడ నిలబడ్డ ఆ పావుగంటలో దాన్ని కొనే మనసు నాకు పోయింది. చాదర్ల మీద తప్ప మా ఇంట్లో ఆ రంగు ఎప్పుడూ లేదు కూడా.

ఆ కుర్రాడు ఏ టైల్ చూపించినా ఒకే తారీఫ్ చేశాడు. ‘మురికి కనపడదు సార్.’ మచ్చల టైల్‌కూ అదే, ఇసక రంగుకూ అదే. మీరూ ఎక్కడికి పోయినా ఈ మాట వింటారు. నేనూ అది మంచి గుణమే అనుకుని వచ్చాను, అమ్మీకి చెప్పేదాకా.

రంగుల గురించి నాకు తెలిసిన కొంచెం అబ్బా మెషీన్ పక్కన కూర్చుని నేర్చుకున్నదే. జాకెట్టు గుడ్డకు సరిపోయే దారం దొరక్కపోతే ఒక చాయ ముదురుది తీసుకోవాలి, లేతది తీసుకోకూడదు. లేత దారం కుట్టు కుట్టంతా పైకి కనపడుతుంది. ముదురుది గుడ్డలో మునిగిపోతుంది. అస్తర్ వేసేటప్పుడు ఇంకో సంగతి చెప్పేవాడు: కలిస్తే పూర్తిగా కలవాలి, లేకపోతే వేరే రంగని సాఫ్‌గా తెలియాలి. దగ్గర దగ్గరగా వచ్చి ఆగిపోయిన రంగు మాసినట్టు ఉంటుంది. గిరాకీ అది పాత గుడ్డ అనుకుంటాడు.

తమ్ముడు పంపిన నలభై ఫోటోలకూ అబ్బా చెప్పిన ఆ మాట సరిపోయింది. ఓక్ రంగులో లోపల పసుపు చాయ ఉంటుంది. అమెరికాలో తెల్ల ఓక్, ఎర్ర ఓక్ అని రెండు రకాలు ఎక్కువ వాడతారు. తమ్ముడిది తెల్ల ఓక్. ఎర్ర ఓక్‌లో కాస్త గులాబీ చాయ తగులుతుంది. మా ఓక్ ఫినిష్ పలక పక్కన షాపువాడి బీజ్ టైల్ పెట్టి చూశాను. అందులో గులాబీ చాయ ఉంది. రెండూ విడిగా బాగున్నవే, పక్కపక్కన పెట్టగానే ఒకటి పసిరికలు వచ్చినట్టు, ఇంకోటి మాసినట్టు అయిపోయాయి. చల్లటి నీలి బూడిద పెడితే ఓక్ ఇంకా పసుపైంది. వెన్న రంగు తెలుపు పెడితే మాత్రం రెండూ నెమ్మదించాయి. బాగా ముదురు బూడిద పెట్టినా అంతే. అంటే లేతలోనైనా ముదురులోనైనా దూరం పోవాలి, పక్కనే నిలబడకూడదు.

షాపులో వీటన్నిటికీ క్రీమ్, గ్రే అని రెండే మాటలు. అమ్మీకి చూపిస్తే ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టింది. మల్లెమొగ్గ తెలుపు మోతియా, బాదం పప్పు రంగు బాదామీ, గోధుమ రంగు గందుమీ, మట్టి రంగు ఖాకీ, తాంబూలంలో కాసు రంగు కత్తయీ, కళ్లకు పెట్టే సుర్మా రంగు సుర్మయీ. ఖాకీ అంటే మనకు పోలీసులు గుర్తొస్తారు గానీ ఖాక్ అంటే మట్టే కదా. ఐదో తరగతి దాటని మనిషి, దర్జీ భార్య. రంగుల షాపులో ఆ కుర్రాడి జాగాలో అమ్మీని కూర్చోబెట్టాలి.

షాపు లైట్ల కింద చూసిన రంగు ఇంటికొస్తే అదే ఉండదని మేస్త్రీ హెచ్చరించాడు. అందుకని ఐదు రకాల టైల్స్ ఒక్కొక్కటి తెచ్చి, హాల్లో వేయగా మిగిలిన ఓక్ ముక్క ఒకటి, పెరట్లో పడున్న పాత కడప నాపరాయి ముక్క ఒకటి కలిపి వసారాలో వరసగా పెట్టాను. నాపరాయి పోటీకి కాదు, టైల్స్ గాలికి పడకుండా ఆనించడానికి. ఫజర్ వేళ ఒకసారి, జొహర్ వేళ ఒకసారి, మగ్రిబ్ వేళ ఒకసారి చూడాలని ప్లాను. సముద్రం దగ్గర మధ్యాహ్నపు వెలుగు తెల్లగా కొడుతుంది, అన్ని రంగులూ వెలిసిపోయినట్టుంటాయి. సాయంత్రం ఓక్ ముక్క ఇత్తడి చెంబులా అయింది.

అప్పుడు అమ్మీ ఒక విచిత్రం చేసింది. కుడి కన్ను మూసి చూసింది, ఎడమ కన్ను మూసి చూసింది, మళ్లీ కుడి కన్ను మూసింది. తర్వాత తెల్ల టైల్ చేతికి తీసుకుని, ‘ఈ కంటికి మోతియా, ఆ కంటికి బాదామీ. ఏది నమ్మాలిరా?’ అంది.

మూడు నెలల కింద కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమది ఇంకా చేయాలి. శుక్లం ముదిరేకొద్దీ కంటి కటకం పసుపెక్కుతుంది. తెలుపు పసుపుగా కనపడుతుంది, నీలం మసకబారుతుంది, దగ్గరి దగ్గరి రంగులు కలిసిపోతాయి. ఒక కన్నే బాగు చేయించుకున్నవాళ్లకు ఒకే వస్తువు రెండు కళ్లకూ రెండు రంగుల్లో ఉంటుంది. ఈ సంగతి డాక్టరు నాకు చెప్పాడు, నేను వార్తగా కూడా ఒకసారి రాశాను. కానీ అమ్మీ ఇన్నాళ్లూ ఇంట్లో ఆ రెండు రంగుల మధ్య నడుస్తోందని నాకు తట్టలేదు. రాసినవాడికి తట్టాలి కదా. తట్టలేదు.

తమ్ముడికి నచ్చిన ఫిరోజీ నీలం టైల్ ఆమె ఎడమ కంటికి బూడిద. మచ్చల టైల్ నేల మీద పెడితే, మచ్చలన్నీ చీమలో నీళ్ల చుక్కలో అర్థం కావడం లేదంది. అప్పుడే నేను షాపు కుర్రాడి మాట చెప్పాను. ‘మురికి కనపడదంట అమ్మీ, అదే దాని గొప్ప.’

అమ్మీ నా మొహంలోకి చూసింది. ‘కనపడకపోతే పోయినట్టా? పాక్ అయిందని నేనెట్టా తెలుసుకోవాల?’

దానికి నా దగ్గర జవాబు లేదు. మనం ఇంటికొచ్చే మెహమాన్ల కళ్లతో బాత్రూం చూస్తాం. వాళ్లకు మురికి కనపడకపోతే మన ఇజ్జత్ నిలబడుతుంది. ఆమె రోజుకు ఐదుసార్లు అక్కడ వజూ చేసుకునే మనిషి. ఆమెకు కావలసింది ఆ మురికి ఎక్కడుందో చూపించే నేల. ఉంటే కడుక్కుంటుంది, లేకపోతే నిశ్చింతగా నమాజుకు నిలబడుతుంది. దాచిపెట్టే నేలను ఎట్లా నమ్ముతుంది?

ఆమె లేచి బద్నా తెచ్చింది. ఒక్కో టైల్ మీద కాసిని నీళ్లు వంపి, ఆ చివర నుంచి ఈ చివరకు వంగి చూసింది. ‘పానీ దిస్తా నై’ అంది. రెండోదాని మీద పోసి, ‘ఇస్పో భీ దిస్తా నై’ అంది. నాకూ కనపడలేదు, నిజంగానే. నున్నటి టైల్ మీద నీళ్లు గాజు మీద గాజులా కూర్చున్నాయి. విట్రిఫైడ్ పలక నూటికి అర వంతు నీళ్లు కూడా పీల్చుకోదు. అదే దాని గొప్పతనం, అందుకే మరకపట్టదు. అందుకే తడిసినా రంగు మారదు. ఆ రోజు సహర్‌లో జరిగింది ఇదే అని అప్పుడు చెప్పింది. తెల్ల టైల్, తెల్ల ట్యూబ్‌లైటు, నేల మీద నీళ్లు. పొడిగా ఉందనుకుని కాలేసింది.

బద్నాలో మిగిలిన నీళ్లు ఊరికే పారబోసినట్టు నాపరాయి ముక్క మీద పోసింది. బూడిదగా ఉన్న రాయి పోసినంత మేర నల్లగా మారింది. నీటి అంచు పెన్సిల్‌తో గీసినట్టు కనపడుతోంది. అమ్మీ ఎడమ కన్ను మూసి చూసింది, కుడి కన్ను మూసి చూసింది. ‘దిస్తా’ అంది.

మేస్త్రీకి చెబితే చేతిలో తాపీ కింద పెట్టేశాడు. ‘ఏంది సార్, ఇయ్యాల్రేపు బాత్రూంలో ఎవురన్నా నాపరాయి ఏస్తారా? జనాలు ఉన్నది పీకించి టైల్స్ ఏపిచ్చుకుంటుంటే!’ అతని మాటలో తప్పు లేదు. మా ఇంట్లోనూ ఇరవై ఏళ్ల కింద అదే జరిగింది. ఉన్న నాపబండలు పీకించి తెల్ల టైల్స్ వేయించింది నేనే, మొదటి జీతాలు కూడబెట్టి. పెరట్లో ఆ ముక్క అందుకే ఉంది.

తమ్ముడికి చెప్పడం ఇంకా కష్టమైంది. వీడియో కాల్లో చాలాసేపు ఖామోష్‌గా విన్నాడు. తర్వాత, ‘మళ్లీ పాత ఇల్లే కడతావా భాయ్? అయితే నా డబ్బులతో...’ అని ఆగిపోయాడు. నేనూ ఊరుకోలేదు. ‘ఫోటోలు పంపేవాడివి నువ్వు, ఆసుపత్రికి మోసేవాడిని నేను’ అన్నాను. అనకూడని మాట. వాడు రెండు నెలలు రాత్రిళ్లు అదనపు పని చేసి ఈ డబ్బు పంపాడని నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక అమ్మీ నాతో మాట్లాడలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం మామూలుకంటే ఎక్కువైంది.

రెండు రోజుల తర్వాత వాడే చేశాడు. నాకు కాదు, అమ్మీకి. ఏం మాట్లాడుకున్నారో పూర్తిగా తెలియదు. ‘నీ బలూత్ మీద నేను రోజూ నడుస్తానురా, దాన్నెవరు తీస్తన్నారు’ అనడం మాత్రం విన్నాను. చివర్లో ఫోన్ నా చేతికిచ్చింది. ‘సరే భాయ్, కింద రాయే వేయించు. కానీ గోడలో బద్నా పెట్టుకునే గూడు ఉంటుంది కదా, దానికి మాత్రం ఫిరోజీ వెయ్’ అన్నాడు.

ఆ రంగు మీద వాడికి అంత మోజు ఎందుకో నాకు తెలుసు. వాడు ఇంజనీరింగు చదివేటప్పుడు నేను హైదరాబాద్‌లో పనిచేస్తూ ఒకసారి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూపించాను. అక్కడి గోడల పలకల పని 1611 నాటిది. ఇరానీ పద్ధతే గానీ నీలం, తెలుపుతోనే ఆగలేదు. పసుపు, మట్టి గోధుమ కలిసి దక్కనీ మిజాజ్ వచ్చింది. 1908 మూసీ వరదలో కింది భాగం పాడైన చోట పలకల బదులు రంగు పూశారు. తమ్ముడు ఆ పూత పూసిన చోటే ఎక్కువసేపు నిలబడ్డాడు. పైనున్న నీలం పక్కన పసుపు ఎట్లా వెలుగుతోందో చూడమని నాకే చూపించాడు. వాడు డల్లాస్‌లో ఓక్ పక్కన నీలం వెతకడం అక్కడి నుంచే మొదలైందేమో. సరే, గూటికి నాలుగు టైల్స్ సరిపోతాయి. ఒప్పుకున్నాను.

పని ఇట్లా తేలింది. గుస్ల్‌ఖానా నేల పాలిష్ పట్టని కడప నాపరాయి, అడుక్కి పావు అంగుళం వాటం, నీళ్లు గోడ వైపు పోయేలా. గోడలు మోతియా, మెరుపు లేనివి. చీకటి నేల మీద తెల్ల గోడ ఎక్కడ మొదలవుతుందో ఏ కంటికైనా తెలుస్తుంది. పట్టుకునే కడ్డీ గోడ మీద కలిసిపోకుండా కత్తయీ రంగుది. తెల్ల బకెట్, తెల్ల పీట. హాల్లోని ఓక్ గుమ్మం దగ్గర ఆగుతుంది, అక్కడ నాలుగంగుళాల కత్తయీ గడప పట్టీ. పక్కపక్కన పెడితే ఓక్‌కు సుర్మయీ నప్పింది. అబ్బా ఉంటే అస్తర్ బాగా కుదిరిందనేవాడు.

బట్టలుతికే వసారా దగ్గర అమ్మీ నన్ను మళ్లీ ఓడించింది. నేను అక్కడా మొత్తం నాపరాయే అనుకున్నాను. నిలబడే చోట రాయి సరే, జాడించిన నీళ్లు పారే కాలవ మాత్రం తెల్ల టైల్‌తో కావాలంది. ఎందుకంటే మా బోరు నీళ్లకు సబ్బు ఒక పట్టాన నురగ రాదు, వచ్చింది ఒక పట్టాన వదలదు. బట్ట మూడుసార్లు జాడించాక కాలవలో పోయే నీళ్లు తేటగా ఉన్నాయా, ఇంకా రంగూ సబ్బూ కారుతున్నాయా అన్నది తెలుపు మీదే కనపడుతుంది. మెషీన్ ఉంది కదా అంటే, దాని తలుపు ఉప్పు గాలికి తుప్పు పట్టి రెండేళ్లయింది, నమాజు బట్టలు ఎటూ చేత్తోనే. తొమ్మిదంగుళాల వెడల్పు తెల్ల కాలవ వేశాడు మేస్త్రీ. ‘బూబమ్మకి ఇంజనీరు సీటియ్యొచ్చు’ అన్నాడు.

రాయితో తంటాలు లేవని చెప్పను. ఆరాక మా ఉప్పు నీళ్ల తెల్ల చారలు నల్లరాయి మీద ముగ్గులా తేలతాయి. తియ్య నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవాల్సిందే, వారానికి రెండుసార్లు. పని ముగిసిన రోజు ఒక కూలీ సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ సీసా తీశాడు. నాపరాయి సున్నపు రాయి, యాసిడ్ పడితే పొంగుతుంది, పైపొర తినేస్తుంది. అడ్డుపడేలోగా మూలన అరచేయంత పడింది. అక్కడ రాయి తెల్లగా గరుగ్గా అయిపోయింది. సోడా కాయలో గ్యాస్‌లా బుసబుస పొంగడం చూసి పక్కింటి అక్క కొడుకు చప్పట్లు కొట్టాడు. ఆ మూల మీద ఇప్పుడు అమ్మీ బకెట్ బోర్లిస్తుంది.

పోయిన నెలలో ఎడమ కంటి ఆపరేషన్ కూడా అయింది. కట్టు విప్పిన మర్నాడు జువ్వలదిన్నెకు తీసుకొచ్చాను. హాల్లో అడుగు పెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. ‘ఇదేందిరా, తీసేసి కొత్తది వేయించావా? నేను పసుపు నేలనుకుంటి ఇన్నాళ్లు. ఇంత తెల్లగుందే!’

అదే నేల అన్నాను. నమ్మలేదు. గుస్ల్‌ఖానాలోకి పోయింది. నేను బయట నిలబడ్డాను. బద్నాతో నీళ్లు పోస్తున్న చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్లీ చప్పుడు. బయటికొచ్చి తమ్ముడికి ఫోన్ కలపమంది. అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. వాడు గాబరాగా ఎత్తాడు.

‘గూట్లో నీ ఫిరోజీ దిస్తా రే’ అంది అమ్మీ. ‘అచ్ఛా హై. ఇన్నిరోజులు అది బూడిద అనుకుని నీతో అబద్ధం చెప్తా వచ్చినా, బాగుందని.’